ఇటలీ వెళ్లేముందు ఒక నిమ్మచెక్క

మా చిట్టి వచ్చే నెల ఇటలీ పోతోంది. వాళ్ల అమ్మానాన్నలు టికెట్లు కొన్న రోజు నుంచి దాని చేతిలో ఒక నోటుబుక్కు, అందులో చూడాల్సిన వింతల జాబితా. ఒరిగిపోయిన గోపురం, పొగలు కక్కే కొండ, సముద్రంలో మునిగి మళ్లీ తేలిన స్తంభాలు, గాడిదలు దిగే బావి. జాబితా అంతా నాకు చదివి వినిపించి, చివర్న ఒక మాట అంది.

"మన దగ్గర ఇలాంటివి ఒక్కటీ లేవేంటి తాతా?"

ఆరో తరగతి పిల్ల. దాని తప్పేం లేదు. కానీ నేను ముప్పై రెండేళ్లు కాలేజీలో రాళ్ల పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. కాచిగూడలో కూర్చుని, చుట్టూ ఊరంతా గుండ్లమీద నిలబడి ఉండగా, సొంత మనవరాలు ఆ మాటంటే ఎట్లా ఉంటుంది?

"ఆదివారం పొద్దున ఆరింటికి లే. చూపిస్తా," అన్నాను. సంచిలో మూడు వస్తువులు వేసుకున్నాను. భూతద్దం, గుప్పెడు పటికబెల్లం, ఒక నిమ్మకాయ.

"నిమ్మకాయ దేనికి? దిష్టి తీస్తావా?"

"వస్తే తెలుస్తుంది."

మొదటి వింత మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. కాచిగూడ స్టేషను. 1916లో నిజాం రైల్వే కట్టిన భవనం. దూరం నుంచి చూస్తే ఎవరో నవాబుగారి కోటలాగా గుమ్మటాలు, చిన్న చిన్న మినార్లు. లోపలికి వెళ్తే టికెట్ల కిటికీ, టీ బండి. నా చిన్నప్పుడు ఇక్కణ్నుంచి చిన్న పట్టాల బండ్లు పోయేవి, మీటరు గేజి. ఇప్పుడు ఆ పట్టాలు లేవు. చిట్టి దీన్ని వెయ్యిసార్లు చూసింది కాబట్టి తల కూడా ఎత్తలేదు. సరే, ముందుంది కదా అని ఎం.ఎం.టి.ఎస్. ఎక్కాం. విద్యానగర్, జామియా ఉస్మానియా, తర్వాత ఆర్ట్స్ కాలేజీ. ఒక కాలేజీ భవనం పేరు పెట్టుకున్న రైల్వేస్టేషను, చూడండి, అదీ ఒక వింతే.

ఉస్మానియా ఆవరణలో అక్కడక్కడా గుండ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేలా. అలాంటి ఒక దొంతర ముందు చిట్టిని నిలబెట్టి నోట్లో ఒక పటికబెల్లం పలుకు వేశాను. "నమలకు. చప్పరించు."

"పైకి ఎవరు ఎత్తి పెట్టారు తాతా?"

ఎవరూ ఎత్తలేదు. అదే అసలు సంగతి. హైదరాబాదు కింద ఉన్న ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పట్లో ఇది పైన లేదు. నేల లోపల కిలోమీటర్ల లోతున కరిగిన ముద్దగా ఉండి, నిదానంగా చల్లారింది. పాకం నిదానంగా చల్లారితే పటికబెల్లం పలుకులు కడుతుంది. అదే పాకాన్ని పళ్లెంలో పోసి గబగబా చల్లార్చితే పల్లీపట్టీలోని పాకంలాగా నున్నగా గట్టిపడుతుంది, పలుకులుండవు. గ్రానైటు పటికబెల్లం జాతి. ఇటలీలో లిపారి అని ఒక దీవి ఉంది, అక్కడ దొరికే నల్లటి గాజురాయి పల్లీపట్టీ జాతి. అగ్నిపర్వతం నుంచి బయటపడి, పలుకు కట్టే తీరిక లేకుండా గడ్డకట్టిన లావా అది.

కోట్ల ఏళ్లపాటు మన గ్రానైటు పైనున్న బరువంతా వానలకు, గాలికి అరిగిపోయింది. పైన బరువు తగ్గేసరికి కిందిరాయి కొంచెం ఉబ్బి, చీలింది. నిలువునా, అడ్డంగా, మైసూరుపాకు ముక్కలు కోసినట్టు. ఆ చీలికల్లోకి వాననీళ్లు దిగాయి. వాననీళ్లంటే ఉత్త నీళ్లు కావు. గాల్లోని బొగ్గుపులుసు వాయువు కరిగి, మనం తాగే సోడాలో పుల్లదనం లాంటిదే చాలా పలచగా అందులో ఉంటుంది. ఆ పలచని పులుపు గ్రానైటులోని ఒక ఖనిజాన్ని వేల ఏళ్లలో మెత్తటి బంకమట్టిగా మార్చేస్తుంది. ఇక్కడ చూడాల్సింది మూలలు. రాతిముక్క ముఖం మీద నీళ్లు ఒక్క వైపు నుంచే పనిచేస్తాయి. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. కాబట్టి మూలలు ముందు పోతాయి.

"ఇప్పుడు ఉమ్మి చూడు," అన్నాను.

చిట్టి అరచేతిలోకి ఉమ్మింది. నోట్లో వేసినప్పుడు గళ్లుగళ్లుగా, మూలలు గుచ్చుకునేలా ఉన్న పలుకు గోళీలాగా గుండ్రంగా అయింది. పిల్ల ఆ గోళీని చూసింది, ఎదురుగా ఉన్న గుండును చూసింది. ఏమీ అనలేదు. గోళీని మళ్లీ నోట్లో వేసుకుంది.

ఈ పని చాలామటుకు నేల కిందే జరుగుతుంది. గుండ్ల చుట్టూ కుళ్లిన రాయి, మనం మొరం అంటాం చూడండి, ఇల్లు కట్టేటప్పుడు లారీల్లో తెచ్చి పోస్తారు, అదే నిండి ఉంటుంది. తర్వాత వానలు ఆ మొరాన్ని కడుక్కుపోతాయి. గట్టి గుండ్లు ఉన్నచోటే మిగిలిపోతాయి, పైది పైనే, కిందిది కిందే. ఎవరో పేర్చినట్టు మనకు అనిపిస్తుంది గానీ, నిజానికి చుట్టూ ఉన్నదాన్ని తీసేయగా తేలిన దొంతర ఇది. గుండు పక్కన నిలబడి గోటితో గీకితే ఉల్లిపొరల్లాగా పెచ్చులు లేస్తాయి.

ఇంత కాలం పట్టిన దాన్ని తొలిచి మందుపెట్టి పేల్చడానికి ఒక పూట చాలు. నా కళ్ల ముందే ఎన్ని పోయాయో లెక్కలేదు. 1996లో రాళ్లను కాపాడాలని ఈ ఊళ్లో ఒక సొసైటీయే పెట్టుకున్నారు. కొన్ని గుట్టలకు చార్మినారుతో పాటు వారసత్వ జాబితాలో చోటు దొరికింది కూడా. రాళ్ల కోసం సంఘం ఏమిటని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. నవ్వినవాళ్ల కాలనీల్లో ఇప్పుడు ఒక్క గుండూ లేదు.

అక్కణ్నుంచి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరికి నడిచాం. పొద్దుటి వాకింగువాళ్లు, మెట్లమీద పుస్తకాలు పట్టుకున్న పోటీ పరీక్షల పిల్లలు. విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది గానీ ఈ భవనానికి 1934లో రాయి వేసి, 1939 డిసెంబరులో తలుపులు తీశారు. నక్షా గీసింది ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆయన. ఎదుట నిలబడితే ఆ నిలువెత్తు కమాను మనిషిని చీమను చేస్తుంది. చిట్టికి నేను చూపించాలనుకున్నది కమాను కాదు. స్తంభం దగ్గరికి తీసుకెళ్లి భూతద్దం ఇచ్చాను.

"ఎన్ని రంగులున్నాయో చెప్పు."

కళ్లు చికిలించి చూసింది. గులాబీ రంగు పలుకులు. బూడిదరంగు గాజుముక్కల్లాంటివి. మధ్యలో నల్లగా మెరిసే చుక్కలు. మూడూ పట్టేసింది. గులాబీది ఫెల్డ్‌స్పార్. వాననీళ్లకు లొంగి బంకమట్టి అవుతుందని చెప్పిన ఖనిజం ఇదే. గాజుముక్క పలుగురాయి, దాన్ని వాన ఏమీ చేయలేదు, అందుకే వాగుల్లో ఇసకగా మిగులుతుంది. నల్లచుక్కలు కాకిబంగారం, మన అభ్రకం చుట్టమే. ఈ భవనమంతా, పొద్దున మనం చూసిన గుండ్లు, ఇంట్లో వంటగట్టు, అంతా ఒకే చుట్టరికం. ఒక్కటి చెప్పాలి, షాపుల్లో గ్రానైటు పేరుతో అమ్మే నల్లరాయి గ్రానైటే కాదు. చీమకుర్తి నుంచి వచ్చే 'బ్లాక్ గెలాక్సీ' రాయి జాతిరీత్యా గ్యాబ్రో. అది ఇటలీ దాకా ఎగుమతి అవుతుంది. మన రాయి అక్కడికి, మన పిల్లలు అక్కడి రాళ్ల దగ్గరికి.

"ఈ బిల్డింగు ఒరగలేదే. పీసా అయితే ఒరిగింది," అంది చిట్టి, ఏదో లోటు చెప్పినట్టు.

ఒరగకపోవడం లోటు కాదమ్మా. ఇది బండమీద కూర్చుంది. పీసా గోపురం కూర్చున్నది మెత్తటి బురదమన్ను మీద. 1173లో మొదలుపెట్టారు. మూడో అంతస్తుకు వచ్చేసరికే ఒక పక్కకు దిగడం మొదలైంది. యుద్ధాల వల్ల మధ్యమధ్యలో పని ఆగి, మొత్తం పూర్తవడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ ఆగడమే దాన్ని కాపాడింది. కింది మన్ను బరువుకు అణిగి గట్టిపడడానికి టైము దొరికింది, లేకపోతే అప్పుడే కూలేది. 1990లో జనాన్ని రానివ్వకుండా మూసేసి, పదకొండేళ్లు కష్టపడి సరిచేశారు. ఎట్లా? ఒరిగిన వైపు ఎత్తలేదు. ఎత్తుగా ఉన్న రెండోవైపు పునాది కింది నుంచి గొట్టాలతో కొంచెం కొంచెంగా మన్ను లాగేశారు. గోపురం దానంతటదే ఆ వైపు సర్దుకుని, పై కొస నలభై సెంటీమీటర్లకు పైగా వెనక్కి వచ్చింది. పూర్తిగా నిలబెట్టొచ్చు గదా అంటారా? నిలబెడితే చూడ్డానికి ఎవరు పోతారు!

ఇక నిమ్మకాయ. కోసి, ఒక చెక్క తీసి చిట్టి చేతికిచ్చి, రోడ్డు పక్క పడి ఉన్న గ్రానైటు ముక్క మీద పిండమన్నాను. ఏమీ కాలేదు. సంచిలోంచి మా ఆవిడ పాలరాతి చపాతీ పీట తీశాను. (నాలుగో వస్తువు, ఎవరికీ చెప్పకుండా తెచ్చాను.) దాని అంచు మీద రెండు చుక్కలు వేసింది. సన్నగా నురగ. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని చప్పుడు. తుడిచి చూస్తే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగిలింది. పాలరాయి అంటే సున్నపురాయి నేల లోపలి వేడికి, ఒత్తిడికి రూపు మార్చుకున్నది. పులుపు తగిలితే సున్నపురాయి కరిగి, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోతుంది. ఆ మచ్చకు సాయంత్రం నాకు పడాల్సిన అక్షింతలు పడ్డాయి, అది వేరే కథ.

ఈ ప్రయోగం చిట్టి జాబితాలో మూడో వింత కోసం. నేపుల్స్ దగ్గర పొజ్జువోలి అని ఒక రేవు ఊరుంది. అక్కడ రోమన్ల కాలపు బజారు శిథిలాల్లో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వెనకటివాళ్లు దాన్ని గుడి అనుకున్నారు, ఇప్పటికీ ఆ పేరే చలామణీ. స్తంభాలు కింద నున్నగా ఉంటాయి. మనిషి ఎత్తుకు రెట్టింపు పైన మాత్రం ఒక పట్టీలాగా చుట్టూ బెజ్జాలు. చెదపురుగు కొట్టిన కర్ర లాగా. ఆ బెజ్జాలు కొట్టింది సముద్రంలో ఉండే ఒక జాతి ఆల్చిప్ప. అది సున్నపురాయిని తన ఒంట్లో ఊరే రసంతో కరిగించుకుంటూ లోపలికి దూరి కాపురం పెడుతుంది. చిట్టి నిమ్మచెక్కతో చేసిన పనే.

ఈ ఆల్చిప్ప సముద్రంలో గానీ బతకదు. మరి నేలమీది స్తంభానికి అంత ఎత్తున ఎట్లా వచ్చింది? అంటే స్తంభాలు నిలబడి ఉండగానే ఊరు సముద్రంలోకి దిగింది, తర్వాత మళ్లీ పైకి లేచింది. స్తంభాలు పడిపోనంత నిదానంగా! నేల నిలకడైనది కాదని చెప్పడానికి ఛార్లెస్ లయల్ 1830లో తన భూగర్భశాస్త్ర పుస్తకం మొదట్లోనే ఈ స్తంభాల బొమ్మ వేయించాడు. ఆ ఊరి కింద అగ్నిపర్వతపు కుంపటి ఇంకా ఆరలేదు. 1982 నుంచి 84 మధ్య నేల దాదాపు 1.8 మీటర్లు లేచింది, అంటే మనిషెత్తు. పడవలు కట్టే గట్టు నీళ్లకు అందకుండా పోయింది.

ఆ మూడు స్తంభాలూ మన ఆర్ట్స్ కాలేజీ రాయితో చేసినవైతే ఆల్చిప్పకు పళ్లు విరిగేవి. రుజువూ దొరికేది కాదు. ఈ మాట చెప్పగానే చిట్టి నోటుబుక్కు తీసి పొజ్జువోలి పేరు కింద గీత గీసింది. పొద్దుటి నుంచి మొదటిసారి రాసుకుంది.

ఇక జాబితాలోని బావి సంగతి క్లుప్తంగా చెప్తాను, ముందు మన బావితో. ఈ విశ్వవిద్యాలయం నేలలో కొంత ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు, అడిక్‌మెట్ వైపు. ఆవిడ కాలం 1768 నుంచి 1824. ఆవిడ పేరుతో మెట్ల బావి కూడా ఇక్కడుంది. గ్రానైటులో నీళ్లెక్కడివని అడుగుతారు చాలామంది. రాతిలో లేవు, మొరంలో ఉన్నాయి. కుళ్లిన రాయి స్పాంజిలాగా వాననీళ్లు పట్టుకుంటుంది, కింద బండ ఆపుతుంది. ఊటబావి తవ్వేది ఆ మొరంలోనే. మొరం దాటితే బండ చీలికల్లో ఎక్కడో సన్నటి ధార, దానికోసమే వెయ్యి అడుగుల బోర్లు. పొద్దున గుండ్లను గుండ్రంగా చెక్కిన పలచని పులుపే మన బావులనూ తయారు చేసిందన్నమాట.

ఇటలీలో ఓర్వియేటో అనే కొండ ఊరి బావి ఇంకో రకం. 1527లో రోము నగరం దోపిడీకి గురైనప్పుడు పోపు ఏడో క్లెమెంటు ఆ ఊళ్లో తలదాచుకున్నాడు. ముట్టడి వస్తే నీళ్లెట్లా అని బావి తవ్వించాడు. 53 మీటర్ల లోతు. దిగడానికి ఒక మెలిక మెట్లదారి, ఎక్కడానికి ఇంకొకటి, ఒక్కోదానికి 248 మెట్లు. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని దిగుతాయి గానీ ఎక్కడా కలవవు. నీళ్ల కడవలతో గాడిదలు ఒక దారిన దిగి ఇంకో దారిన ఎక్కేవి, ఎదురుపడి కొట్టుకోకుండా. అంత సున్నితంగా తవ్వగలిగారంటే పైరాయి అగ్నిపర్వతపు బూడిద గడ్డకట్టిన మెత్తటిరాయి కాబట్టి. మన బండలో అలా మెలికలు తిప్పమంటే పోపుగారు ఇంకా ముట్టడిలోనే ఉండేవారు.

ఎండెక్కింది. తార్నాకలో ఇడ్లీ తిన్నాం. ఈ కూడలి నుంచి ఉప్పల్ రోడ్డు పట్టి కొద్ది దూరంలో ఎన్ని ప్రయోగశాలలున్నాయో ఈ ఊరివాళ్లకే తెలీదు. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చిన పోషకాహార సంస్థ, మా వయసువాళ్లు ఇప్పటికీ ఆర్.ఆర్.ఎల్. అనే రసాయనాల ఐ.ఐ.సి.టి., జీవకణాల సి.సి.ఎం.బి. ఇంకొంచెం ముందుకు పోతే 1961లో పెట్టిన ఎన్.జి.ఆర్.ఐ., భూమి నాడి పట్టి చూసే ఆస్పత్రి. మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే. రోజూ ఆ స్టేషన్లో ఎక్కి దిగేవాళ్లలో లోపలేం చేస్తారో తెలిసినవాళ్లు ఎంతమంది?

లోపల ఒకచోట నేలకు బిగించిన జి.పి.ఎస్. స్టేషను ఉంది, ప్రపంచ జాలంలో భాగం. అది ఏళ్ల తరబడి తానెక్కడున్నానో ఆకాశాన్ని అడిగి తెలుసుకుంటూ ఉంటుంది. జవాబు ప్రతి ఏడూ కొంచెం మారుతుంది. మన నేల మొత్తం ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది, గోరు పెరిగే వేగానికి కొంచెం ఎక్కువ. ఆ తోపుడుకే హిమాలయాలు లేచాయి. అటు ఆఫ్రికా యూరపును నెడితే ఆల్ప్స్ లేచాయి, ఇటలీ నేల అంత అశాంతిగా ఉండడానికీ మూలం ఆ నెట్టుడే. మనది ముసలినేల కాబట్టి నిమ్మళంగా ఉంది, పూర్తిగా నిద్రపోలేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరులో భూకంపం వచ్చినప్పుడు కాచిగూడలో మా వంటింటి స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. మా ఆవిడ పిల్లి అనుకుంది.

"అగ్నిపర్వతం మాత్రం లేదుగా?" చిట్టి చివరి అస్త్రం.

ఎందుకు లేదు? వికారాబాదు రైలెక్కు. అనంతగిరి కొండలు, మన మూసీ పుట్టే చోటు, లావా పొరలే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కను మీద నేల చీలి లావా పారింది. ఇప్పటికి అరిగి మిగిలిందే దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. మొత్తం ఇటలీ దేశం మూడు లక్షలే. అక్కడి నల్లరాళ్లలో చిన్న చిన్న బెజ్జాలుంటాయి, దోశ మీద లేచిన బుడగల్లాగా. లావా నుంచి ఆవిరులు తప్పించుకున్న గుర్తులు. ఎట్నా గొప్పదే, కాదనను. మూడు కిలోమీటర్లకు పైన ఎత్తు, ఇప్పటికీ నిప్పులు కక్కుతుంది. కానీ దాని మంట మొదలై ఐదు లక్షల ఏళ్లు. మన గ్రానైటును డెబ్భై ఎనిమిదేళ్ల నేననుకుంటే, ఎట్నా పుట్టి ఆరు రోజులు కూడా కాలేదు. ఇంకా పురుడైనా చేయలేదు. అంత పసిబిడ్డ ఏడవక ఏం చేస్తుంది?

ఎట్నా పాదాల దగ్గర కటానియా నగరం. దానికీ హైదరాబాదుకూ ఒక పాత లెక్క ఉంది. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు కలిసి ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి చుక్కల జాబితా రాయాలని, పొలం పంచుకున్నట్టు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నారు. ఉత్తరాకాశంలో ఒక పట్టీ కటానియాకు, ఒకటి రోములోని వాటికన్ వేధశాలకు. కొన్నేళ్లకు దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మన నిజామియా వేధశాలకు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో దుర్భిణి కొని మొదలుపెట్టిన వేధశాల అది. 1919లో ఉస్మానియాకు అప్పగించారు. వాటికన్‌లో ఆ గాజుపలకల మీద చుక్కలు కొలిచింది సన్యాసినులు, ఇక్కడ కొలిచింది మనవాళ్లు. కటానియాలో రాత్రిపూట తలెత్తి చూడు, వాళ్లు లెక్కపెట్టిన చుక్కలు, మనం లెక్కపెట్టినవీ కనిపిస్తాయి అని చెప్పాను.

తిరుగు రైల్లో చిట్టి నోటుబుక్కులో కొత్త పేజీ తీసి పైన 'మనవి' అని రాసింది. భూతద్దం తనతో తీసుకెళ్తానంది, ఇచ్చాను. నిమ్మకాయ కూడా అడిగింది. అక్కడి పాలరాతి మీద పిండితే పోలీసులు పట్టుకుంటారని దాన్ని మాత్రం ఇవ్వలేదు.

వాళ్ల ప్రయాణం పదిహేను రోజులు. చిట్టి తిరిగి వచ్చేసరికి కాచిగూడ స్టేషను ఈశాన్యానికి రెండు మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది.